మా ఒడ్డు కోసుకుపోతోంది, అవతల ఇసుక మేట వేస్తోంది: ఏటి వంపులో అడుగున జరుగుతున్నదేమిటి?

లంకపొలం · ఆదివారం, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. ఇక్కడ చదవడమే గాని రాయడం ఇదే మొదటిసారి.

మాది కృష్ణ ఒడ్డు. పులిగడ్డ దగ్గర నది రెండు పాయలుగా చీలి, దివిసీమను మధ్యలో పెట్టుకుని సముద్రానికి పోతుంది కదా, ఆ దిగువన ఒక వంపులో మా పొలం. వంపుకు బయటి వైపు మాది. మా తాతగారి కాలంలో ఏటి అంచున మూడు వరుసల కొబ్బరి చెట్లు ఉండేవట. నాకు తెలిసేసరికి రెండు వరుసలు. ఈ ఏడు వరద తీశాక మిగిలింది ఒకటే, అందులోనూ నాలుగు చెట్లు ఏటి వైపు ఒరిగి ఉన్నాయి. అవతలి ఒడ్డున మాత్రం ఏటేటా ఇసుక తిన్నె పెరుగుతోంది. వాళ్ళు దాని మీద పుచ్చపాదులు పెట్టుకుంటున్నారు, మేము ఇక్కడ పోయిన చెట్లు లెక్కపెట్టుకుంటున్నాము.

నాకు అంతుపట్టని సంగతులు రెండు. వరద ఉరవడిగా గట్టును ఒరుసుకుంటూ పోయిన రోజుల్లో ఒక్క చెట్టూ పడలేదు. నీరు తీసిన మూడో నాడు, ఏరు నిద్రపోతున్నట్టు ఉన్న మధ్యాహ్నం వేళ, ఇరవై గజాల గట్టు ఉన్నపళంగా కూలబడింది. రెండోది, ఉన్నది ఒకే ఏరు. ఒకరి దగ్గర తీసుకుని ఇంకొకరికి ఎందుకు పెడుతోంది?

వేగం · ఆదివారం, రాత్రి 9:34

ఇందులో పెద్ద రహస్యమేమీ లేదండి. నీరు తిన్నగా పోవాలనుకుంటుంది, వంపులో మీ గట్టు అడ్డం వస్తుంది, ఢీకొడుతుంది, కోస్తుంది. లోపలి వైపు నీరు నెమ్మది, అందుకని ఇసుక దిగుతుంది. పదో తరగతి పాఠమే.

శారద (ఫిజిక్స్) · ఆదివారం, రాత్రి 10:20

వేగం గారూ, మీరు చెప్పింది తప్పు కాదు గాని సగమే. ఆ లెక్కన బయటి ఒడ్డున కోసుకున్న ఇసుక నీటితో పాటు బయటి ఒడ్డు వెంటే పోవాలి. అవతలి తిన్నె అంత ఎత్తుకు ఇసుకను ఎక్కించింది ఎవరు? అది తెలియాలంటే ఏటి అడుగున నీరు ఎటు పోతోందో చూడాలి.

వంపు తిరిగేటప్పుడు నీరు బయటి వైపు కాస్త ఎత్తుగా, లోపలి వైపు కాస్త పల్లంగా ఉంటుంది. ఆ వాలు వల్ల నీటి మొత్తానికీ లోపలి వైపుగా ఒక తోపు తగులుతుంది. ఈ తోపు పైనున్న నీటికీ అడుగునున్న నీటికీ దాదాపు ఒకటే. వేగాలు మాత్రం ఒకటి కావు. పై నీరు జోరు మీద ఉంటుంది, దాన్ని తిప్పడానికి ఆ తోపు చాలదు, బయటి ఒడ్డుకే జరుగుతుంది. అడుగు నీరు ఇసుకకు రాసుకుంటూ నెమ్మదిగా పాకుతుంటుంది. అదే తోపు దానికి ఎక్కువైపోయి లోపలి ఒడ్డుకు మళ్ళుతుంది. పైన బయటికి, బయటి ఒడ్డున కిందికి, అడుగున లోపలికి, మళ్ళీ పైకి. ఈ తిరుగుడు ముందుకు పోయే పారుదలతో కలిసి పురి పెట్టిన తాడులా సాగుతుంది. ఇసుక ఉండేది అడుగున గనుక అడుగు నీరు ఎటు పోతే అటు పోతుంది. అవతలి తిన్నెకు ఎత్తుబడి అదే.

నమ్మకం కుదరకపోతే ఇంట్లోనే చూడవచ్చు. గుండ్రటి గిన్నెలో నీళ్ళు పోసి నానిన మెంతులు గుప్పెడు వేసి గరిటెతో గిరగిరా తిప్పి వదిలేయండి. అంచుకు కొట్టుకుపోతాయనుకుంటాము. అవి నడిమధ్యకు వచ్చి కుప్పపడతాయి. ఐన్‌స్టీన్ టీ ఆకులతో చెప్పింది ఇదే.

అనుమానం · ఆదివారం, రాత్రి 10:41

ఐన్‌స్టీన్ టీ కప్పా! అది వాట్సాప్‌లో తిరిగే కథ అనుకున్నాను. ఆయన పేరు చెబితే బెండకాయ వైద్యం కూడా నమ్మేస్తారు మనవాళ్ళు.

శారద (ఫిజిక్స్) · ఆదివారం, రాత్రి 10:58

అనుమానం మంచిదే గాని ఇది నిజం. 1926లో జర్మన్ పత్రిక నాటూర్‌విస్సెన్‌షాఫ్టెన్‌లో ఆయన చిన్న వ్యాసం రాశారు. నదులు మెలికలు ఎందుకు తిరుగుతాయి అన్నదే విషయం, ఒక్క సూత్రం కూడా లేకుండా కప్పు, టీ ఆకులతోనే మొదలవుతుంది. అయితే ఈ మాట మొదట చెప్పింది ఆయన కాదు. అంతకు యాభై ఏళ్ళ ముందు, 1876లో, జేమ్స్ థామ్సన్ అనే ఇంజినీరు ఇదే వివరణ ఇచ్చారు. భౌతిక శాస్త్రవేత్త లార్డ్ కెల్విన్‌కు అన్నగారు. తమ్ముడి వెలుగులో అన్న మరుగున పడ్డారు. ఇంకో ముచ్చట: ఐన్‌స్టీన్ పెద్ద కొడుకు హాన్స్ ఆల్బర్ట్ జీవితమంతా నదుల ఇసుక కదలిక మీదే పనిచేసి అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ అయ్యారు.

లంకపొలం · సోమవారం, ఉదయం 7:05

శారద గారూ, చేశాను. మొదటిసారి మెంతులు సరిగా నానక తేలాయి. రెండోసారి ఉప్మా రవ్వ వేశాను. తిప్పుతున్నంతసేపూ అంచున తిరిగింది, గరిటె తీయగానే తీగలు తీగలుగా మధ్యకు పాకి చిన్న పుట్టలా పోగుపడింది. మా అమ్మ వచ్చి చూసి, "రవ్వతో పొద్దున్నే ఆటలేమిటి" అని గిన్నె తీసుకుపోయి ఉప్మా చేసింది. ఉప్మా బాగుంది.

కానీ అమ్మ ఒక మాట అంది: "బియ్యంలో రాళ్ళు గాలించేది ఇలాగే కదా, తిప్పుతూ వంచితే రాళ్ళు కిందనే ఉండిపోవూ?" అదీ ఇదీ ఒకటేనా?

శారద (ఫిజిక్స్) · సోమవారం, ఉదయం 8:15

అమ్మగారు చెప్పిన దాంట్లో బరువు తేడా పని ఎక్కువ, కాబట్టి పూర్తిగా ఒకటే అనలేము. కానీ ఏరు కూడా గాలిస్తుంది. అవతలి తిన్నె మీదికి నీటి అంచు నుంచి పైకి నడుచుకుంటూ పోయి చూడండి. మొదట గులకరాళ్ళో గరుకు ఇసుకో తగులుతుంది, తర్వాత సన్న ఇసుక, ఆ పైన ఎండకు పెంకుల్లా విచ్చుకున్న ఒండ్రు, దాని మీద రెల్లు. అడుగు నీరు ఏటవాలుగా పైకి తోసుకొస్తూ ఎక్కడ ఓపిక అయిపోతే అక్కడ బరువు దించేసింది. బరువైనది ముందు, తేలికైనది చివర.

కాలువ లస్కరు · సోమవారం, ఉదయం 11:40

పేరు లస్కరు గాని నేను చేసింది ఇంజినీరు కొలువు, రిటైరై పన్నెండేళ్ళు. లంకపొలం బాబూ, నీ రెండో ప్రశ్నకు అమ్మాయి జవాబు చెప్పింది. మొదటిది నేను చెబుతాను.

ముందు కొన్ని అంకెలు. మీ పాయ వెడల్పు 350 మీటర్లు, వంపు వ్యాసార్ధం కిలోమీటరు, వరదలో వేగం సెకనుకు 2 మీటర్లు, సగటు లోతు 6 మీటర్లు అనుకుందాము. రెండు ఒడ్డుల మధ్య నీటి మట్టంలో తేడా 14 సెంటీమీటర్లు వస్తుంది. జానెడు కూడా లేదు, కంటికి ఆనదు. అడుగు నీరు లోపలికి మళ్ళే కోణం 4 డిగ్రీల లోపే. అంటే ఇసుక రేణువు వంద మీటర్లు ముందుకు దొర్లితే ఆరేడు మీటర్లు పక్కకు జరుగుతుంది. ఇంత చిన్న పని రోజూ, ఏళ్ళ తరబడి, ఒకే వైపు జరగబట్టే మీ కొబ్బరి చెట్లు పోయాయి. ఢీకొట్టడం, గుద్దడం అని మనం అనుకునేంత నాటకం అక్కడ లేదు.

ఇప్పుడు గట్టు ఎందుకు ప్రశాంతంగా ఉన్నప్పుడు కూలిందో చూద్దాము. వరద గట్టు పైభాగాన్ని తీసుకుపోలేదు. అడుగున, నీ కంటికి కనబడని చోట, గట్టు పాదాన్ని తవ్వుకుపోయింది. వరద నిండుగా ఉన్నంతకాలం ఆ నీరే గట్టును ఆనుకుని నిలబెట్టింది. నీరు తీసేసరికి ఆనిక పోయింది. గట్టులో ఇంకిన నీరు మాత్రం లోపలే ఉండిపోయి మట్టి బరువు పెంచింది, బయటికి తోసింది. కింద పాదం లేదు, ముందు ఆనిక లేదు, వెనక బరువు. కూలడానికి ఇంకేమి కావాలి? చెయ్యి పెట్టింది వరద, నింద పడింది ప్రశాంతమైన ఏటి మీద.

సరంగు మనవడు · సోమవారం, మధ్యాహ్నం 2:25

మా తాత గోదావరి మీద లాంచీ నడిపేవాడు. ఇవేవీ చదవలేదు గాని, ఏరు లోతు ఎక్కడుందో నిద్రలో అడిగినా చెప్పేవాడు. "వంపులో బయటి ఒడ్డు పట్టుకో, వంపు తీరాక అవతలికి దాటు, దాటేచోట గెడ వేసి చూసుకో" అనేవాడు. దాటేచోటే మెరక. వరదకు వంపు మడుగులు లోతెక్కి ఆ మెరక మీద ఇసుక పడుతుంది, వేసవిలో నీరు పలచబడ్డాక మెరకను కోసి మడుగుల్లో నింపుతుంది. అందుకే వరద తర్వాత మొదటి ప్రయాణంలో తాత ఎవరితోనూ మాట్లాడేవాడు కాదట.

ఇంకొక మాట రాయకుండా ఉండలేను. సెలవులకు పిల్లలు స్నానాలకు దిగేది ఎప్పుడూ తిన్నె వైపే. మెత్తటి ఇసుక, మోకాలి లోతు, భయం ఉండదు. నడుస్తూ నడుస్తూ మధ్యకు పోతారు. అక్కడ తిన్నె అంచు ఒక్కసారిగా తెగి మడుగులోకి దిగిపోతుంది. కాలి కింద ఇసుక కూడా దొర్లుతుంది, వెనక్కి ఎక్కనివ్వదు. ప్రతి వేసవిలో పత్రికలో చదివే వార్త సగం సార్లు ఇదే అయి ఉంటుందని నా లెక్క.

నదీ విద్యార్థి · సోమవారం, సాయంత్రం 6:50

చర్చ బాగుంది. శారద గారి వివరణకు ఒక సవరణ. టీ కప్పు కథ అందంగా ఉండటం వల్ల అంతా పురి తిరగడమే చేస్తుందని పుస్తకాలు కూడా రాసేస్తాయి. 1980ల మొదట్లో డీట్రిచ్, స్మిత్ అనే ఇద్దరు అమెరికాలోని వయోమింగ్‌లో మడ్డీ క్రీక్ అనే చిన్న ఏటి వంపును అంగుళం అంగుళం కొలిచారు. తిన్నె మొదలయ్యే చోట, లోతు తక్కువైనప్పుడు, నీరు పైనా కిందా కూడా బయటి వైపే పోతోందని తేలింది. తిన్నె ఎదుగుతున్న కొద్దీ అదే నీటిని పక్కకు నెట్టేస్తుంది. అంటే నీరు తిన్నెను కడుతుంది, కట్టిన తిన్నె నీటిని బయటి ఒడ్డుకు తోస్తుంది, బయటి ఒడ్డు ఇంకా కోసుకుంటుంది. మొదలేది, చివరేది అంటే చెప్పడం కష్టం.

ఇంకొకటి: అవతలి తిన్నె మీది ఇసుక మీ పొలానిదే అని మీరు అనుకుంటున్నట్టున్నారు. దాదాపుగా కాదు. 1945లో అమెరికాలోని విక్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఫ్రీడ్‌కిన్ నమూనా నదులు పారించి చూశారు. ఒక ఒడ్డున కోసుకున్న ఇసుకలో ఎక్కువ భాగం అవతలికి దాటదు. అదే వైపున దిగువ వంపులో, అంటే వంపు తిరగబడి మీ వైపు లోపలి ఒడ్డు అయ్యే చోట, తిన్నెకు చేరుతుంది. మీ మట్టి మీ ఒడ్డునే, కిలోమీటరో రెండో దిగువన ఎవరికో దక్కింది.

లంకపొలం · సోమవారం, రాత్రి 8:02

అయితే మా మట్టి తిన్నది అవతలి ఊరు కాదు, మా మేనమామ గారి ఊరు! దిగువ వంపు మా వైపున వాళ్ళదే. ఈ సంక్రాంతికి మాట్లాడుకోవలసిన విషయం దొరికింది.

ఇంట్లో వచ్చిన సలహాలు రెండు. మా బాబాయి, "వంపు మెడ దగ్గర, అంటే మెలిక రెండు కొసలూ దగ్గరపడే ఇరుకు చోట, అడ్డంగా కాలువ తవ్వేస్తే ఏరు తిన్నగా పోతుంది, పీడ విరగడ" అంటున్నాడు. ఊళ్ళో ఇంకొకరు గట్టు మీద వట్టివేరు నాటమంటున్నారు. పోయినేడు కొన్ని లారీల రాళ్ళు గట్టు మీద పోయించాము, అవి చెట్లతో పాటే ఏట్లోకి పోయాయి.

మిసిసిపీ ఒడ్డున · మంగళవారం, ఉదయం 6:30

బాబాయి గారికి నా దగ్గర ఒక కథ ఉంది. నేనుండేది అమెరికాలోని మెంఫిస్‌లో, ఆఫీసు కిటికీలోంచి మిసిసిపీ కనబడుతుంది. దిగువన విక్స్‌బర్గ్ అని ఊరు. అమెరికా అంతర్యుద్ధ కాలంలో అది నది మెలిక మీద ఉండేది, కొండ మీది ఫిరంగులను దాటి పడవలు పోలేకపోయేవి. 1862, 63 సంవత్సరాల్లో ఉత్తరాది సైన్యం మెలిక మెడకు అడ్డంగా కాలువ తవ్వి ఊరిని తప్పించుకోవాలని చూసింది. జనరల్ గ్రాంట్ వేల మందిని పెట్టినా నది ఆ కాలువలోకి రానంటే రానంది. ఆయన వేరే దారిలో ఊరిని పట్టుకున్నాడు, యుద్ధం ముగిసింది, అందరూ ఇళ్ళకు పోయారు. 1876 ఏప్రిల్‌లో నది తనంతట తానే ఆ మెడను తెంపుకుని తిన్నగా పోయింది. విక్స్‌బర్గ్ రేవు పట్టణం కాస్తా నది లేని ఊరైంది. మళ్ళీ రేవుకు నీళ్ళు రావడానికి యాజూ నదిని మళ్ళించి కాలువ తవ్వారు, అది 1903కు గాని పూర్తి కాలేదు.

కాలువ లస్కరు · మంగళవారం, ఉదయం 10:15

మంచి కథ. తర్వాతి భాగం నేను చేరుస్తాను. 1930ల్లో అమెరికన్ ఇంజినీర్లు అదే మిసిసిపీ మీద పదహారు మెలికలు కత్తిరించి, నదిని సుమారు 240 కిలోమీటర్లు కురచ చేశారు. వరద మట్టం తగ్గింది, నిజమే. కానీ అదే ఎత్తును తక్కువ దూరంలో దిగాలంటే వాలు పెరుగుతుంది, వాలు పెరిగితే ఎగువన అడుగు, ఒడ్డులు కోసుకుంటాయి. నది పోగొట్టుకున్న పొడవును మళ్ళీ మెలికలు తిరిగి సంపాదించుకోవాలని చూస్తుంది. దాన్ని పట్టి ఉంచడానికి ఒడ్డుల పొడవునా కాంక్రీటు పరుపులు పరుస్తూ పోవలసి వచ్చింది. మీ బాబాయి గారికి అంత పరుపు ఉందా అడుగు.

వట్టివేరు మంచి గడ్డి, వాన నీటికి గట్టు పైవాలు కొట్టుకుపోకుండా కాపాడుతుంది. దాని వేరు రెండు మూడు మీటర్లు దిగుతుంది. నీ రోగం అంతకంటే కింద ఉంది.

ఎంత కింద? ఒకప్పుడు ఉత్తర భారత కాలువల మీద పనిచేసిన లేసీ అనే ఇంజినీరు సూత్రం ఇప్పటికీ మేము వాడతాము. మీ పాయలో 4,000 క్యూమెక్కులు (సెకనుకు ఘనమీటర్లు), అంటే లక్షా నలభై వేల క్యూసెక్కులు పారినప్పుడు, మీ సన్న ఇసుకకు సాధారణ కోత లోతు వరద మట్టం నుంచి సుమారు ఏడున్నర మీటర్లు. తీవ్రమైన వంపులో దాన్ని 1.75తో గుణించాలి. పదమూడు మీటర్లు! తిన్నటి దారిలో అయితే 1.25 చాలు. వంపు అయినందుకు ఏరు నీ దగ్గర తీసుకునే అదనపు లోతు ఇది.

రాళ్ళు గట్టు నెత్తిన పోస్తే ఏమవుతుందో నువ్వే చూశావు. రాయి పాదం దగ్గర పడాలి. వాలు అడుగున, వేసవి నీటి మట్టానికి దగ్గరగా, మందంగా రాళ్ళు పరిచి ఉంచుతారు. వరద దాని ముందు తవ్వుకుంటూ పోతే ఆ రాళ్ళు ఒక్కొక్కటే గుంటలోకి జారి, కోసిన వాలును తామే కప్పేస్తాయి. లాంచింగ్ ఏప్రన్ అంటాము. కూలడానికే పరిచిన రాళ్ళవి. అయితే ఇది ఒక్క రైతు చేసేది కాదు, వంపు పొడవునా చెయ్యాలి. ముందు లోతు ఎక్కడుందో కొలువు.

అనుమానం · మంగళవారం, మధ్యాహ్నం 1:20

ఒప్పుకున్నాను, వాట్సాప్ కథ కాదు. ఇంకో అనుమానం. ఇసుక, నీరు, వంపు ఉంటే చాలనుకుంటే ధవళేశ్వరం ఎగువన గోదావరి ఎందుకు పాములా మెలికలు తిరగదు? అంత వెడల్పున, మధ్యలో లంకలతో, పాయలు పాయలుగా పోతుంది కదా?

నదీ విద్యార్థి · మంగళవారం, మధ్యాహ్నం 3:45

చాలా మంచి ప్రశ్న. ప్రయోగశాలలో కూడా అందరినీ ఏడిపించింది ఇదే. ఇసుక తొట్టిలో నీరు వదిలితే మొదట చక్కగా మెలిక తిరుగుతుంది, కాసేపటికి ఒడ్డులు నిలవక వెడల్పైపోయి పాయలుగా చీలిపోతుంది. మెలిక నిలవాలంటే బయటి ఒడ్డు కూలాలి గాని తొందరగా కూలకూడదు, లోపలి తిన్నె అదే వేగంతో గట్టిపడి ఒడ్డుగా మారాలి. 2009లో బర్క్‌లీ పరిశోధకులు పదిహేడు మీటర్ల తొట్టిలో ఇసుక మీద ఆల్ఫాల్ఫా విత్తనాలు చల్లి మొలకెత్తించారు. ఆ మొలకల వేళ్ళు ఒడ్డును పట్టుకుని ఉంచాక గాని మెలికలు నిలిచి జరగడం మొదలుపెట్టలేదు. పశువుల మేత గడ్డి చేసిన పని అది! మీ తిన్నె మీద రెల్లు చేస్తున్నదీ అదే, అవతలి ఒడ్డును స్థిరం చేసి ఏటిని మీ వైపు ఉంచుతోంది. వెడల్పాటి ఇసుక పడకలో, వరదకూ వేసవికీ నీటిలో అంత తేడా ఉన్న గోదావరికి పాయలుగా చీలడమే సులువు.

వేగం · మంగళవారం, సాయంత్రం 5:10

పదో తరగతి పాఠం అన్నందుకు సిగ్గుపడుతున్నాను. రెల్లు పీకేస్తే సరిపోతుందా మరి?

కాలువ లస్కరు · మంగళవారం, సాయంత్రం 5:32

పీకడానికి ముందు అవతలి ఊరి పుచ్చకాయల వాళ్ళను అడగండి.

లంకపొలం · ఆదివారం, మధ్యాహ్నం 12:15

ఇన్ని రోజులు జవాబు రాయనందుకు క్షమించండి. నిన్న, ఇవాళ పడవ మాట్లాడుకుని కొలిచాము. నులక తాడుకు బారకొక ముడి, చివర పాత తూకం రాయి. వంపుకు అడ్డంగా ఐదు చోట్ల, ఒక్కో చోట పది కొలతలు.

తిన్నె వైపు నుంచి బయలుదేరితే మోకాలు, నడుము, ఒక బార, ఒకటిన్నర. నది సగం దాటినా అంతే. తర్వాత రాయి జారిపోతూనే ఉంది. మా ఒడ్డుకు ఇరవై గజాల ఇవతల నాలుగు బారలు దాటి ఒక మూర. సరంగు మనవడు గారు చెప్పినట్టు, వంపు తీరి ఏరు అవతలికి మళ్ళే చోట ఎక్కడ వేసినా బారకు మించలేదు, పడవవాడు దిగి నడిచాడు.

నేను అనుకోనిది ఒకటి తేలింది. అన్నిటికంటే లోతు చెట్లు పడిన చోట లేదు. వంపు నడిమి నుంచి అరవై గజాలు దిగువన ఉంది. అక్కడ గట్టు నిటారుగా, చెక్కుచెదరకుండా, పైన పచ్చగా ఉంది. మేమెప్పుడూ అటు చూడనే లేదు. దాని మీదే మా బోరు షెడ్డు.

కాలువ లస్కరు · ఆదివారం, మధ్యాహ్నం 12:40

కోత ఎప్పుడూ వంపు నడిమి దాటాకే ఎక్కువ. నీరు మళ్ళడానికి కాస్త దూరం పడుతుంది. నాలుగు బారల మూర అంటే ఏడున్నర మీటర్ల పైమాట, దానికి వరద మట్టం ఎత్తు కలుపుకో. లేసీ లెక్కకు దగ్గరగానే వచ్చావు. ఆ కొలతలు కాగితం మీద గీసి, చుట్టుపక్కల రైతులతో సంతకాలు పెట్టించి అర్జీతో జతచెయ్యి. అది తర్వాత. గట్టు మీద అంచుకు సమాంతరంగా నెర్రె ఏమైనా కనబడిందా?

లంకపొలం · ఆదివారం, మధ్యాహ్నం 1:55

ఇప్పుడే వెళ్ళి చూసి వచ్చాను. షెడ్డు వెనక గోడ పక్కనే, గడ్డి కింద, వేలు పట్టేంత నెర్రె. పదిహేను అడుగుల పొడవు. పుల్ల దించితే మోచేతి దాకా దిగింది.

కాలువ లస్కరు · ఆదివారం, మధ్యాహ్నం 1:58

కరెంటు తీసేసి, మోటారు ఈ రోజే బయటికి తెచ్చెయ్యి.

లంకపొలం · ఆదివారం, రాత్రి 7:20

తెచ్చేశాము. బాబాయి, నేను, పడవవాడు కలిసి. వరండాలో పెట్టాము.